‘నువ్వు రాకుంటే నేనూ పోనులే’ అని పిలిచిన స్నేహితుడితో సముద్రానికి

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. ప్రొద్దుటూరులో చిన్న బట్టల అంగడి నడుపుతున్నాను. జమ్మలమడుగు దగ్గర మా పల్లెవాడే నా స్నేహితుడొకడు ఇరవై ఏళ్లుగా నెల్లూరు జిల్లాలో సముద్రం పక్కన రొయ్యపిల్లల హేచరీలో పనిచేస్తున్నాడు. చిన్నప్పుడు ఇద్దరం పెన్నలోనూ, మైలవరం డ్యాం కిందా గాలాలు వేసినవాళ్లమే. ఆర్నెల్లుగా ఒకటే పోరు పెడుతున్నాడు, ‘రారా, బోటులో పోయి సముద్రంలో గాలమేద్దాం’ అని. పోయిన వారం ఫోన్ చేసి ‘నువ్వు రాకుంటే నేనూ పోనులే’ అన్నాడు. నాకు ఈత వచ్చు గానీ బావుల్లో ఈదిందే. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మా ఇంట్లో ‘చేపలు కావాలంటే మార్కెట్లో దొరకవా, రెండు రోజులు అంగడి మూసుకుని అంత దూరం పోవాల్నా?’ అంటోంది. నాకూ అట్లే అనిపిస్తోంది. దీనివల్ల నిజంగా ఏమన్నా ఉపయోగం ఉందా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: వెళ్లండి.

ముందు మీ ఇంట్లో ఆమె అడిగినదానికి జవాబు చెప్తాను. ఆమె అడిగింది న్యాయమైన మాట. చేపల లెక్క చూసుకుంటే ఈ ప్రయాణం ఏ రకంగానూ గిట్టదు. దారి ఖర్చు, బోటు కిరాయి, ఎర, ఐసు, రెండు రోజుల గిరాకీ అన్నీ కూడితే ప్రొద్దుటూరు మార్కెట్లోనే ఇంటిల్లిపాదికీ సరిపడా వంజరం ముక్కలు కొనుక్కోవచ్చు. పైగా సముద్రంలో కొత్తగా గాలం వేసేవాళ్లు ఖాళీ చేతులతో తిరిగొచ్చే రోజులు చాలానే ఉంటాయి. కాబట్టి చేపల కోసమే పోతున్నానని ఆమెతో వాదించకండి, ఓడిపోతారు. వాడి కోసం పోతున్నానని చెప్పండి. నిజం కూడా అదే.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ‘నువ్వు రాకుంటే నేనూ పోనులే’ అన్నాడని మీరు మామూలుగా రాసేశారు. ఒక్కసారి ఆలోచించండి. ఆయన ఇరవై ఏళ్లుగా సముద్రం పక్కనే ఉంటున్నాడు. తెలిసిన బోటువాళ్లకు ఆయనకు కొదవ ఉండదు. గాలం వేయాలన్న సరదా ఒక్కటే అయితే ఏ ఆదివారమైనా పోయి ఉండేవాడు. పోలేదు. ఆర్నెల్లుగా మిమ్మల్నే పిలుస్తున్నాడు. యాభైకి దగ్గరపడిన మగవాళ్లు ‘ఏందో మనసు బాగాలేదు, ఒకసారి రారా’ అని నోరు తెరిచి అడగడం మన వైపు చాలా అరుదు. చేను చూసొద్దాం రా అంటారు, తిరుమలకు పోదాం రా అంటారు, చేపలు పడదాం రా అంటారు. ఆయనకేదో పెద్ద కష్టం వచ్చిందని నేను అనడం లేదు. ఏ కష్టమూ లేకపోవచ్చు. చిన్నప్పటి మనిషితో ఒక రోజు గడపాలనిపించి ఉండొచ్చు. ఏదైనా సరే, మీరు చేయాల్సిన పని ఒకటే.

మీరిద్దరూ ఈ పదేళ్లలో ఎక్కడెక్కడ కలిశారో గుర్తు చేసుకోండి. ఒక పెళ్లిలో భోజనాల దగ్గర, ఒక దినంలో షామియానా కింద, ఊరి తిరునాళ్లలో ఒక పూట. అక్కడ మాట్లాడుకునేది ఏముంటుంది? పిల్లలు ఏం చదువుతున్నారు, వానలు పడినాయా, షుగర్ ఎంతుంది. ఇంతలో ఎవరో వచ్చి పలకరిస్తారు, మాట తెగిపోతుంది. ఫోన్‌లో అయితే ఇంకా తక్కువ. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త, ఇంకో పరిశోధకుడితో కలిసి, స్కూలు చదువు ముగించిన కొందరు పిల్లలను 18 నెలల పాటు గమనించారు. ఊళ్లు మారిపోయాక ఎవరి స్నేహాలు నిలుస్తాయి, ఎందుకు నిలుస్తాయి అన్నది వాళ్లు చూశారు. ఆడపిల్లల స్నేహాలను ఎక్కువగా మాటలే కాపాడాయి. మగపిల్లల విషయంలో ఫోన్ మాటలు పెద్దగా పనిచేయలేదు. కలిసి ఆడినవాళ్లు, కలిసి తిరిగినవాళ్లు, కలిసి ఏదో ఒక పని చేసినవాళ్ల స్నేహమే గట్టిగా మిగిలింది. మన చుట్టూ చూసుకున్నా అదే కనిపిస్తుంది. ఇద్దరు మగవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడుకోమంటే ఇద్దరూ సెల్‌ఫోన్లు తీస్తారు. అదే ఇద్దరికీ చెరో పని చేతికిచ్చి పక్కపక్కన కూర్చోబెట్టండి, గంటలో తండ్రి ఆస్తి పంపకాల దాకా పోతుంది మాట.

అందుకు సముద్రంలో గాలం వేయడాన్ని మించిన పని నాకు కనబడదు. బోటు లంగరు వేశాక మీకు చేతి గాలం ఇస్తారు. కర్ర ఉండదు. ఒక చట్రానికి చుట్టిన నైలాన్ దారం, చివర సీసం గుండు, దానికి కాస్త పైన ఒకటో రెండో కొక్కేలు, వాటికి రొయ్య ముక్క ఎర. దారం వదులుతూ పోతే గుండు అడుగుకు తగిలినప్పుడు దారం ఒక్కసారిగా వదులవుతుంది. అప్పుడు రెండు మూరలు పైకి లాగి, దారాన్ని చూపుడు వేలి మీద ఆనించి పట్టుకుని కూర్చోవాలి. ఇక మీ ప్రాణమంతా ఆ వేలి మీదే ఉంటుంది. అలకు బోటు ఊగినప్పుడు దారం మెల్లగా బిగిసి మెల్లగా వదులవుతుంది, అది చేప కాదు. చిన్న చేపలు ఎరను కొరికితే టకటకమని సన్నగా తగులుతుంది, తొందరపడి లాగితే ఖాళీ కొక్కెమే పైకొస్తుంది. కాస్త పెద్దది నోట పెట్టుకుంటే ఒక బరువు కిందికి గుంజుతుంది. ఆ తేడా వేలికి అలవాటయ్యేసరికి పూట గడిచిపోతుంది. అంగడి అద్దె, జీఎస్టీ రిటర్నులు, పెద్దోడి ఫీజు ఇవన్నీ ఆ పూట తలలోకి రమ్మన్నా రావు.

ఒకే బోటులో ఇద్దరు గాలం వేస్తున్నప్పుడు ఒకరికి చేప తగిలితే రెండోవాడు తన దారాన్ని వెంటనే పైకి లాగేసుకోవాలి. లేకుంటే చేప అటూ ఇటూ పరుగెత్తి రెండు దారాలనూ పెనవేస్తుంది, ఆ చిక్కు విప్పడానికి అరగంట పడుతుంది. అంటే మీకు చేప పడినప్పుడు ఆయన తన పని ఆపి మీ పక్కకు వస్తాడు, చేప నీటి పైకి వచ్చేసరికి చేతివల పట్టుకుని వంగుతాడు. ఆయనకు పడినప్పుడు మీరూ అంతే. ఆ మధ్యలో ఒక్కోసారి ముప్పావు గంట ఏమీ ఉండదు. ఆ ముప్పావు గంటే ఈ ప్రయాణానికి అసలు ఫలం అని నేను నమ్ముతాను. మాట్లాడకపోయినా ఇబ్బంది ఉండదు, ఎందుకంటే ఇద్దరూ దారం చూస్తున్నారు. మాట్లాడాలనిపిస్తే ముఖం చూడకుండానే మాట్లాడొచ్చు. చెప్పడానికి కష్టమైన మాట చెప్పి, వెంటనే ఎర మార్చుకునే వంకతో తల తిప్పుకోవచ్చు. కాఫీ తాగుతూ బయటపడని సంగతులు అక్కడ బయటపడతాయి. ఒడ్డుకు కొంత దూరం పోయాక సిగ్నల్ కూడా అందదు కాబట్టి ఫోన్ మధ్యలోకి రాదు.

ఆరోగ్యం సంగతి కూడా అడిగినట్టే కాబట్టి చెప్తున్నా. ఒక రోజు సముద్రం గాలి పీలిస్తే బీపీ తగ్గుతుందని నేను చెప్పను. కానీ మనుషులతో గట్టి సంబంధాలు ఉండడం ప్రాణానికి మంచిదన్నది ఉబుసుపోక మాట కాదు. జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ అనే అమెరికా పరిశోధకురాలి బృందం 2010లో 148 అధ్యయనాలను, మొత్తం మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. అయినవాళ్లతో, స్నేహితులతో గట్టి సంబంధాలున్నవాళ్లు ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం, అవి లేనివాళ్లకంటే 50 శాతం ఎక్కువని తేలింది. మీరు రోజూ మాత్ర వేసుకుంటున్నారు, నడక కూడా నడుస్తూ ఉండొచ్చు. స్నేహితుడి కోసం ఏడాదికి రెండు రోజులు తీయడాన్ని కూడా ఆ లెక్కలోనే వేసుకోండి, దుబారా కింద రాయకండి.

ఇక భయాల సంగతి. మీరు భయపడడం మంచిదే. బావిలో ఈత వచ్చినంత మాత్రాన సముద్రం లొంగదు. బావి నీళ్లు నిలబడి ఉంటాయి, దరి నాలుగు బారల్లో ఉంటుంది. సముద్రంలో ప్రవాహం ఎటు లాగుతుందో పైకి కనబడదు. కాబట్టి లైఫ్ జాకెట్ లేని బోటు ఎక్కకండి. ఉంటే చాలదు, అది ఒంటి మీద ఉండాలి, బకిల్స్ బిగించి ఉండాలి. చాలా బోట్లలో దాన్ని మూటగట్టి పలకల కింద పెడతారు. ఉక్కపోస్తుందని, అక్కడి పిల్లోళ్లు నవ్వుతారని విప్పకండి. వాళ్లు పుట్టి పెరిగింది ఆ నీళ్ల మీద, మీరూ నేనూ పెరిగింది నాపరాళ్ల మీద.

నెల్లూరు తీరంలో చాలా చోట్ల ఫైబర్ బోట్లను ఇసుక మీద నుంచే నీళ్లలోకి తోస్తారు. ఒడ్డు దగ్గర అలలు విరిగే వరసను దాటేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ దాన్ని దాటేటప్పుడే ప్రమాదం ఎక్కువ. ఆ కాసేపు కిందికి కూర్చుని రెండు చేతులా పట్టుకోండి, ఫొటోల కోసం లేవకండి. బోటు నడిపే ఆయన ఏం చెబితే అది, ఎదురు మాట వద్దు. వాగు నుంచో హార్బరు నుంచో బయల్దేరే బోటు దొరికితే ఇంకా మంచిది. చేపల బోట్లు మనుషుల్ని తిప్పడానికి ఉన్నవి కావు, అందుకే బయటివాళ్లను ఎక్కించుకోవడానికి అభ్యంతరం ఏమైనా ఉందా అని మీ స్నేహితుణ్ణి ముందే అక్కడి మెరైన్ పోలీస్ స్టేషన్లో కనుక్కోమనండి. బోటుకు రిజిస్ట్రేషన్ నంబరు రాసి ఉందో లేదో చూసుకోండి. కోస్ట్ గార్డు అత్యవసర నంబరు 1554, మీ ఫోన్‌లోనూ మీ ఇంట్లో ఆమె ఫోన్‌లోనూ ఉంచండి.

కాలం ఎంచుకోవడంలో పొరపాటు పడకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాలు, తుపాన్ల కాలం. ఆ మూడు నెలలు ఊసే వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరంలో మరబోట్ల వేట మీద నిషేధం ఉంటుంది, చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని. అప్పుడెవరైనా ‘ఏం కాదులే, పోదాం రా’ అంటే కూడా పోకండి. మీకు సరిపోయేది సంక్రాంతి గిరాకీ అయిపోయాక, మాఘమాసం పెళ్లిళ్ల గిరాకీ మొదలయ్యేలోపు వచ్చే సందు. బట్టల అంగడివాళ్లకు అంతకంటే ఖాళీ ఎప్పుడు దొరుకుతుంది? హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు గురించి రోజూ హెచ్చరికలు ఇస్తుంది, మత్స్యకారులు దాన్నే చూసుకుంటారు. ముందు రోజు అది చూడండి. హెచ్చరిక ఉంటే ప్రొద్దుటూరు నుంచి అంత దూరం వచ్చేశాం కదా అని మొండికెయ్యకుండా, ఆయన ఇంట్లోనే కూర్చుని కబుర్లు చెప్పుకోండి.

తెల్లవారక ముందే బయల్దేరండి. రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది, సముద్రం నిదానంగా చల్లబడుతుంది, అందుకని తెల్లవారుజామున గాలి నేల వైపు నుంచి నీటి మీదికి వీస్తుంది, ఒడ్డు దగ్గర నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి. మధ్యాహ్నానికి గాలి తిరగబడి సముద్రం వైపు నుంచి జోరుగా కొడుతుంది. పదీ పదకొండుకల్లా ఒడ్డుకు చేరుకునేట్టు పెట్టుకుంటే ఎండా తప్పుతుంది, అలల జోరూ తప్పుతుంది.

కడుపులో తిప్పడం మాత్రం కొత్తవాళ్లలో చాలామందికి తప్పదు. కన్ను బోటు పలకను చూసి ‘కదలడం లేదు’ అంటుంది, లోపలి చెవి ‘ఊగుతున్నాం’ అంటుంది, ఆ రెంటికీ పొత్తు కుదరక వాంతి వస్తుంది. కిందికి చూస్తూ ఎర గుచ్చేటప్పుడే ఎక్కువగా మొదలవుతుంది. అప్పుడు తలెత్తి నీళ్లూ ఆకాశం కలిసే గీత వైపు చూస్తూ ఉండండి, బోటు మధ్యలోకి జరగండి. ముందు రోజు రాత్రి కారం దోశ, బిర్యానీ జోలికి పోకండి. పొద్దున రెండు ఇడ్లీలు చాలు. వాంతి కాకుండా వేసుకునే మాత్రలు బయల్దేరడానికి ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయవు. మీరు బీపీ మాత్రలు వాడుతున్నారు కాబట్టి అవి పడతాయా లేదా అన్నది మీ డాక్టరును అడిగాకే. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీళ్లు బయటికి పంపేవి ఉంటాయి, ఎండలో అవి నీరసం తెస్తాయి. ఆ సంగతీ అడగండి. ఎట్టి పరిస్థితిలోనూ ఆ రోజు మాత్ర మానకండి.

ఇంకో మాట గట్టిగా చెప్తున్నా. ఇద్దరు స్నేహితులు చాలా రోజులకు కలిశారంటే సంచిలో సీసా ఉంటుందని అందరికీ తెలుసు. బోటులోకి అది రాకూడదు. తాగినవాడికి లైఫ్ జాకెట్ బరువనిపిస్తుంది, అంచు మీద కూర్చోవాలనిపిస్తుంది, ఎండకు నోరెండినా తెలియదు. అన్నిటికీ మించి, మీరు ఏ మాటల కోసం అంత దూరం పోతున్నారో ఆ మాటలు మర్నాటికి గుర్తుండవు.

పడిన చేపను పట్టుకునేటప్పుడు జాగ్రత్త. జెల్ల పడితే దానికి మూడు ముళ్లుంటాయి, వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెక్కలకు చెరొకటి. అది గుచ్చుకుంటే విషం ఎక్కి చెయ్యంతా మంట పుడుతుంది. మైలవరంలో జెల్లలు పట్టిన చేతులే కదా అని ధైర్యం చేయకండి, సముద్రపు జెల్లలు పెద్దవి. కటింగ్ ప్లయర్‌తో కొక్కెం తీయండి, లేదా బోటు ఆయన చేతికివ్వండి. ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకుపోండి. గుచ్చుకుంటే భరించగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు తక్కువ కాకుండా ఆ చోటు ముంచి ఉంచితే నొప్పి దిగుతుంది. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పోవాలి. ఇక తోక పొడవుగా ఉన్న టేకు చేప పడితే మీరు ముట్టుకోనే వద్దు.

ఇదంతా చదివి బోటు వద్దనిపిస్తే మానేయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. మొదటిసారి ఒడ్డు నుంచే వేయండి. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పోటు నీళ్లు లోపలికి తోసుకొచ్చే వేళ చేపలు మేతకు వస్తాయి. పండుగప్ప ఉప్పునీళ్లలోనూ తిరుగుతుంది, కలిసిన నీళ్లలోనూ తిరుగుతుంది, అది పడితే మీ అదృష్టం. అక్కడా నీళ్లలోకి దిగకండి, మొగ దగ్గర లాగుడు ఎక్కువ. మీ ఊరి పక్కన ఇసుకలో సన్నగా పారే పెన్న నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మీరిద్దరూ ఎర్రలు గుచ్చి గాలాలు వేసింది ఈ నీళ్లలోనే. నాకైతే మీ ఇద్దరికీ మొదటి చోటు అదే బాగుంటుందనిపిస్తుంది. దారి కూడా సుళువే. మీ ఊరి మీదుగా పోయే 67వ నంబరు జాతీయ రహదారే మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు దాటి నెల్లూరు మీదుగా కృష్ణపట్నం దాకా పోతుంది. నాలుగైదు గంటల ప్రయాణం.

ఖర్చు ముందే చెరిసగం అనుకోండి. ఆయన పిలిచాడు కాబట్టి ఆయనే పెట్టుకుంటానంటాడు, ఒప్పుకోకండి. ఒకడే పెట్టుకుంటే రెండోసారి పిలవడానికి ఆయనకు, పోవడానికి మీకు మొహమాటం అవుతుంది. బోటు ఆయనతో బేరం ఆడకండి. మీకోసం ఆయన ఒక రోజు వేట వదులుకుంటున్నాడు, ఆ రోజు కూలి ఆయనకు ముట్టాలి.

మీ ఇంట్లో ఆమెను ఈసారికి తీసుకుపోవద్దనే నా సలహా. వద్దనడం ఆమెను తక్కువ చేసి కాదు. ఆడవాళ్లూ పిల్లలూ వస్తే అది మైపాడు బీచికి పిక్నిక్ అవుతుంది, అది ఇంకోసారి పెట్టుకోండి. ఆమెకు బోటు ఆయన నంబరు, బయల్దేరే టైము, ఒడ్డుకు వచ్చే టైము రాసిచ్చి పోండి, ఆ టైముకు ఫోన్ చేయండి. ఆమెకు ఉన్న టెన్షన్‌లో సగం దానితోనే పోతుంది. చేపలు పడితే అక్కడే కడిగించి, ఐసు పెట్టెలో పొరలు పొరలుగా సర్దుకుని రండి. పడకపోతే ఒడ్డున కొని తెచ్చి మీరే పట్టినట్టు చెప్పకండి, ఆమెకు తెలిసిపోతుంది.

ఆయన మళ్లీ ఫోన్ చేస్తాడని చూడకండి. ఆర్నెల్లు అడిగిన మనిషి ‘పోనులే’ అన్నాడంటే ఇక అడగడేమో. ఈ రాత్రి అంగడి కట్టేశాక మీరే చేయండి. ‘చూద్దాంలే, వీలు చూసుకుని వస్తా’ అనకండి, ఆ మాట ఆయన ఇప్పటికే చాలాసార్లు విని ఉంటాడు. క్యాలెండర్ ముందు పెట్టుకుని, ఫలానా తేదీ బయల్దేరుతున్నా, బోటు మాట్లాడి పెట్టు అని చెప్పండి.